చౌకైన మంచి వైన్ ఎవరికి కావాలి?

సాయిసుధ ఏం ఉద్యోగం చేస్తుందని అనంతపురం బంధువులు అడిగితే వాళ్ళమ్మ "ఫ్రాన్సు నుంచి ద్రాక్ష సరుకు తెప్పించే కంపెనీ" అని చెబుతుంది. అబద్ధమేమీ కాదు. ఢిల్లీలో, ఓఖ్లాలో ఉన్న ఒక చిన్న దిగుమతి సంస్థకు ఏ వైన్ తెప్పించాలో రుచి చూసి తేల్చే పని సుధది. తండ్రి ఉమాశంకర్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై ఢిల్లీ శివారు వైశాలిలో కంతుల మీద ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఆమె అక్కణ్ణుంచే రోజూ మెట్రోలో పనికి వెళ్తుంది.

కొన్నేళ్ళుగా ఆమెకు ఒకటే పట్టుదల. జీతం మీద బతికే మనిషి పెళ్ళిరోజుకో, ప్రమోషన్ వచ్చిన రోజుకో జంకకుండా కొనగలిగిన మంచి రెడ్ వైన్ ఒకటి ఢిల్లీలో దొరకాలి. వినడానికి చిన్న కోరికే. కానీ ఓడ దిగిన ప్రతి సీసా మీదా దిగుమతి సుంకం, ఆపైన ఎక్సైజు, ఆపైన దుకాణం లాభం పడతాయి. బోర్డో లాంటి పేరుమోసిన ప్రాంతానిదైతే ఆ పేరుకు కూడా మనమే చెల్లించాలి. అందుకని ఆమె పేరు లేని చోట్ల వెతికింది. దక్షిణ ఫ్రాన్సులో, మధ్యధరా సముద్రానికి ఎగువన ఉన్న కొండ ఊళ్ళలో. ఫితూ, మినెర్వువా, సాన్ షీన్యాన్. పలకడం రాక ఇక్కడివాళ్ళు మెనూ మీద వేలు కిందికి జరిపేసే పేర్లు అవి.

వచ్చిన శాంపిళ్ళలో చాలావాటిని ఆమే తిప్పికొట్టింది. నిలబడ్డవాటికి ఢిల్లీలో గ్రహచారం పట్టేది. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే ఇవ్వాలని ఏ చలిదేశంలోనో ఎవరో రాసిపెట్టారు. మన హోటళ్ళవాళ్ళు దాన్ని మంత్రంలా పట్టుకున్నారు. మే నెలలో, వంటగది గోడకు ఆనుకున్న అలమరలోంచి తీసి పోస్తే అది వైన్ కాదు, కషాయం. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమని సుధ చెబితే, "రెడ్ వైన్ ఫ్రిజ్‌లోనా మేడమ్? గెస్టు నవ్వుతాడు" అనేవాళ్ళు. ఆ గెస్టు వేడి కషాయం ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "అందుకే చౌకది కొనకూడదు" అని తీర్పు చెప్పేవాడు.

పోయిన శీతాకాలం ఫోజేర్ అనే చోటు నుంచి ఒక సీసా వచ్చింది. పలకరాతి కొండల మీద చిన్న తోటలున్న రైతులు సంఘంగా కూడి చేసిన వైన్. ఆఫీసులో రుచి చూశాక సుధ మిగిలింది ఇంటికి తీసుకెళ్ళింది. ఆ పూట రాగిసంగటి, కోడిపులుసు.

"ఎట్లుంది నాయనా?"

"ఉండు మే, తొందరేమి?" ఉమాశంకర్ ముద్ద మింగి, మళ్ళీ ఒక గుక్క తాగాడు. "పోయినసారి తెచ్చింది కారం తగలంగానే చేదెక్కిపాయె. ఇది ఎదురు నిలబడతాంది. ఇంకొంచెం పొయ్యి."

"డాక్టరు ఒక్క గ్లాసే అన్యాడు," వంటింట్లోంచి భార్య గుర్తుచేసింది.

"డాక్టరుకు ఇది దొరికిండదులే."

సుధ యజమాని రఘువీర్‌ను ఒప్పించి సరుకు తెప్పించింది. కరోల్‌బాగ్‌లో ఆంధ్రా హోటలు నడిపే కనకయ్యకూ రుచి చూపించింది. ఒంగోలు మనిషి, బీరుకూ వైన్‌కూ లైసెన్సు ఉన్నవాడు. వేటమాంసం వేపుడుతో పాటు గ్లాసుల లెక్కన పోస్తానని, గోడమీద బోర్డులో పేరు కూడా రాసేశాడు.

"అమ్మాయ్, ఈ రేటే ఉంటదిగా? రేపు మాట మార్చరుగా మీవాళ్ళు?"

"ఉంటుంది అంకుల్. పూచీ నాది."

తన మాటకు పూచీ తనే అనుకుంది పాపం. దీపావళి దగ్గరపడింది.

ఢిల్లీలో దీపావళి అంటే డబ్బాల పండగ. బ్యాంకు పెద్దలకు, ఫైలు కదిలించే ఆఫీసర్లకు, టెండరు తెరిచేవాళ్ళకు జరీకాగితం చుట్టిన డబ్బాలు కార్లలో ఊరేగుతాయి. లంచానికి కొత్తబట్టలు తొడిగి పంపిస్తారు, అంతే. అలాంటి డబ్బాలు నింపడానికి ఒక బిల్డరు కంపెనీ తరఫున ప్రీతి అనే ఆమె ఓఖ్లా ఆఫీసుకు వచ్చింది. సుధ గ్లాసులో పోసి అందించింది. ప్రీతి గ్లాసు ముట్టుకోలేదు. సీసాను వెనక్కి తిప్పి, నమూనా స్టిక్కరు మీద ఎమ్మార్పీ చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే. దీని గొప్పే అది."

"దీదీ, ప్లీజ్! డబ్బా తెరవగానే వాళ్ళు చూసేది ఈ అంకెనే. ఈ రేటు చూస్తే మా కంపెనీ దివాలా తీసిందనుకుంటారు."

"ఒక్కసారి రుచి చూడండి."

"నేను తాగను. నిజం చెప్పనా? వాళ్ళూ తాగరు. ఇంకొకళ్ళకు ఇచ్చేస్తారు. వాళ్ళు ఇంకొకళ్ళకు."

రఘువీర్ పకపకా నవ్వాడు. "ఠీక్ హై ప్రీతీజీ, ఎంత ఉంటే బాగుంటుందో మీరే చెప్పండి."

ఆమె మూడింతలు చెప్పింది. ఆయన తలూపాడు. ఆమె వెళ్ళాక సుధ ఆయన గదిలోకి దూసుకెళ్ళింది. ఒక లేబుల్‌కు కంపెనీ ఎక్సైజు దగ్గర ఏడాదికి ఒకటే ధర నమోదు చేస్తుంది, దీనికింకా చేయలేదు. ఇప్పుడు ఆ మూడింతల ధర చెప్పేస్తే కనకయ్యకూ అదే.

"సర్, హోటళ్ళకు మాటిచ్చాం."

"హోటళ్ళు గ్లాసు గ్లాసు అమ్ముతాయి సుధా. ఈమె మొత్తం ఎత్తుకుపోతుంది."

"తాగేవాళ్ళ కోసం తెచ్చాం సర్ దీన్ని. తాగనివాళ్ళ కోసం కాదు."

"అరే, వైన్ మారిందా? అదే వైన్. బాధ దేనికి?"

"పెరిగిన దాంట్లో ఆ రైతులకేమైనా వెళ్తుందా?"

"వాళ్ళడిగింది వాళ్ళకిచ్చాం కదా భాయ్!"

రైతు అడిగింది ఇచ్చాం అనే ఆ మాట ఉమాశంకర్ చిన్నతనంలో చెనక్కాయల మండీలో విన్నాడు. ఏసీ గదిలో, ఫ్రెంచి రైతు గురించి, ఆయన కూతురు విన్నది. సీసాతో పాటు పెట్టే కార్డు మీద 'అరుదైనది, కొందరికే దక్కేది' అని రాయమని రఘువీర్ పురమాయించాడు. సుధ రాయనంది. అయితే ఏం? ప్రీతి వాళ్ళ కంపెనీయే రాసుకుంది. ఈ నగరంలో ఒక ఉద్యోగి కాదనడానికి ఉన్న విలువ అంతే. ఉద్యోగం మానేస్తే బాగుండేదని చెప్పేవాళ్ళు ఉంటారు. ఇంటి కంతులు వాళ్ళు కట్టరు.

కొత్త ధర ఫోన్లో చెప్పడానికి మనసొప్పక ఆమె కరోల్‌బాగ్ వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గింది. కనకయ్య గల్లాపెట్టె దగ్గర విన్నాడు.

"సరుకేమైనా పాడైందా అమ్మాయ్?"

"లేదంకుల్. బాగుంది."

"అక్కడ పంట పోయిందా?"

"పోలేదు."

"మరి గవర్నమెంటోళ్ళు పెంచారా?"

"వాళ్ళూ పెంచలేదు."

"మరెందుకమ్మా పెరిగింది?"

"తక్కువగా ఉందని."

కనకయ్యకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు. పూచీ నీదన్నావుగా అని అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే సుధకు కాస్త తేలికయ్యేది. తడిగుడ్డ తీసుకుని బోర్డు మీద 'ఫోజేర్' అన్న మాటను నెమ్మదిగా తుడిచాడు.

"ఇంకోటి దొరుకుద్దంటావా?"

"వెతుకుతా అంకుల్. ఆ పక్క కొండల్లో ఊళ్ళకేం తక్కువ? ఈసారి లేబుల్ వికారంగా ఉండేది పట్టుకొస్తా. ఎవడూ ఎవడికీ బహుమతిగా ఇవ్వలేనంత వికారంగా."

"ఈలోపు బోర్డు బోసిగా ఉంటే బాగోదులే," అంటూ కనకయ్య సుద్దముక్క అందుకుని ఆ చోట 'మసాలా మజ్జిగ' అని రాశాడు.