పరదేశి కొలవనివ్వని మెట్ట

మూడోసారి రాస్తేగాని మా మేనల్లుడు నూరుద్దీన్‌కు డ్రాఫ్ట్స్‌మన్ పరీక్ష దక్కలేదు. 1962లో పాసయ్యాడు. అనకాపల్లిలో మా వీధి నుంచి గవర్నమెంటు బల్ల మీద పటం గీసిన మొదటివాడు వాడే. నేను మునగపాక బడిలో ఐదో తరగతితో ఆగినవాణ్ణి. అయినా వాడికి గీటుబద్ద పట్టడం నేర్పిన చెయ్యి నాదే. నక్కపల్లి కల్వర్టుల పటాలు వాడివే. దేవరాపల్లి చెరువు పటం చూసి ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. అవన్నీ ఒక ఎత్తు, పరదేశి తోట పటం ఒక ఎత్తు.

పరదేశి మా వీధి వెనక చెరకు రైతు. 1964లో తోట చుట్టూ గట్టు లేపి, లోపల మెట్ట పోసి, దానిమీద బెల్లం పొయ్యి కట్టాడు. ఆ ఏడు వానకు తోటలోంచి పోవాల్సిన నీరు మా ఇళ్లమీద పడింది. గోడ కూలి నూరుద్దీన్ తల్లి, మా అక్క జోహరాబీ కాలు విరిగింది. ఇప్పటికీ సరిగ్గా నడవలేదు. గట్టుకు గండి పెట్టమని అడగబోతే పరదేశి నవ్వాడు.

"నీల్లకి దారి నన్నడుగుతారేటి సాయిబూ? వానదేవుణ్ణడగండి."

"ఆ నీల్లు ఆడి పొయ్యిలోంచే పారిత్తాను మామూ" అన్నాడు నూరుద్దీన్ ఇంటికొచ్చాక.

ఈ ఏడు, 1966 జనవరిలో, మా వీధికి మురుగు కాలువ మంజూరైంది. దారి ఎటో పటం చెప్పాలి. ఆ పటం పని నూరుద్దీన్‌కే పడింది. భూమిలో ప్రతి అడుగూ ఎవరూ కొలవరు. అక్కడక్కడా కర్ర నిలబెట్టి ఎత్తు చూస్తారు. ఇక్కడ యాభై అడుగులు, అక్కడ యాభై నాలుగు అయితే, యాభై రెండు సరిగ్గా మధ్యలో ఉందని లెక్కగట్టి, సమానమైన ఎత్తులన్నీ ఒకే గీతలో కలుపుతారు. దాన్నే కాంటూరు అంటారు.

నూరుద్దీన్, ఆఫీసు మనుషులు కర్ర పట్టుకుని వెళితే పరదేశి గట్టుమీదే ఆపేశాడు.

"ఇయాల తొలి పాకం. దేవుడికెట్టకుండా పైవోడు గట్టు దాటకూడదు."

నాలుగు రోజులాగి వెళ్లినా అదే మాట.

"నీ పొయ్యికి రోజూ తొలి పాకమేనేటి మామా?" అన్నాడు నూరుద్దీన్.

"ఔను, అయితే ఏటి?"

"ఏటీ లేదు. తమ బెల్లం సల్లగుండాలి."

వాడు వెనక్కి వచ్చి, తోటకు ఇటూ అటూ ఉన్న ఎత్తులతో మధ్యలో చుక్కల గీత వేశాడు. చుక్కలంటే కొలవలేదని అర్థం. ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ లెక్క ప్రకారం తోటలో మెట్టే లేదు, నేలంతా ఒకటే వాలు. కాలువ సరిగ్గా పొయ్యి మీదుగా పడింది. ఆఫీసరు సంతకం పెట్టాడు.

పరదేశి పరుగున వచ్చాడు. "అక్కడ మెట్టుందని నీకు తెల్దా అల్లుడా?"

"తెలుసు మామా. కొలవని మెట్టని పటంలో ఎలాగ లేపుతాను?"

పరదేశి కాళ్లు పట్టుకుంటే ఆఫీసరు మళ్లీ కొలవడానికి ఒప్పుకున్నాడు గాని, పటం వేసినవాడే వచ్చి దిద్దాలన్నాడు. నూరుద్దీన్ అప్పటికే హైదరాబాదు ట్రైనింగుకు తనంతట తనే పేరిచ్చుకుని రైలెక్కాడు. తవ్వకం మాత్రం ఆపమని ఎవరూ అనలేదు.

ఇది మార్చి నెల. నిన్న గునపాలు పరదేశి గట్టు తెంచాయి. పొయ్యి ఎదురుగానే ఉంది, ఇంకో రెండు రోజుల తవ్వకం. మా అక్క గుమ్మంలో మంచం వేయించుకుని మట్టి పడే చప్పుడు వింటోంది. సాయంత్రం పరదేశి మా అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"మీవోడెప్పుడొత్తాడు బావా?"

నేను నోరు తెరిచేలోగా అక్కే చెప్పింది.

"జూన్ ఇరవై, సోమవారం."