ముక్కులో దాచిన ఎర్ర బఠానీ

మా చిన్నప్పుడు... మామిడిపల్లి బడిలో ఒకటో తరగతి పిల్లలమంతా చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మధ్యలో షహనాజ్ టీచర్ స్టీలు డబ్బా మూత తీసేది. లోపల ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి... తెల్ల బఠానీలకు ఇంట్లో మిఠాయి రంగు పట్టించి, ఎండబెట్టి తెచ్చేది. కూడికలంటే నాకు పండగే. తీసివేతలంటేనే గుండెల్లో రాయి పడేది.

తీసేసి పక్కన పెట్టినవాటిని కూడా మళ్ళీ లెక్కపెట్టేసేదాన్ని. "తీసేసినవి మళ్ల లెక్కల రావొద్దు బేటా... కనవడకుంట దాచిపెట్టుకో" అనేది టీచర్. అందరూ జేబుల్లో వేసుకునేవాళ్ళు. నా గౌనుకు జేబు లేదు. పలక కింద పెడితే దొర్లిపోయేవి.

ఒకరోజు ఐదులోంచి ఒకటి తీసేయాలి. ఎర్రది తీసి ముక్కులో పెట్టుకున్నాను. ఇక కనబడదు కదా... నాలుగు! "శభాష్" అంది టీచర్. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తీరా బయటికి తీద్దామని వేలు పెడితే, అది ఇంకా పైకి పోయింది.

పక్కనున్న యాదమ్మకు చెవిలో చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో, గది నానుతదే! ఉబ్బుతది. ఇగ నీకు ఊపిరాడది." వాళ్ళమ్మ నానబోసిన బఠానీలు ఎంత లావవుతాయో వేళ్ళతో చూపించింది కూడా. దాని నోట ఒక్క మంచి మాట రాదు కదా...

చెప్తే దవాఖానలో ముక్కు కోస్తారని భయం. చెప్పకపోతే చచ్చిపోతానని భయం. అమ్మ గుర్తొచ్చింది. ముక్కు బిగుసుకుపోతోంది... ఇంతలో పలక మీద టప్పున ఎర్ర చుక్క పడింది. వెనకే ఇంకోటి.

"టీచర్, నెత్తురు!" అని యాదమ్మ కేక పెట్టింది. అది మిఠాయి రంగని అప్పుడెవరికి తెలుసు...

టీచర్ ఒక్క ఉదుటున వచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. సంగతంతా యాదమ్మే చెప్పింది. "ముక్కుతోని పీల్చకు బేటా, నోటితోని పీల్చు... భయపడకు, నేనున్న" అంటోంది టీచర్. అంటూనే మధ్యమధ్యలో "యా అల్లా" అనుకుంటోంది. టీచర్ కూడా భయపడుతోందని తెలిసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

రెండో ముక్కు రంధ్రం వేలితో మూసి, నా నోటికి నోరు ఆనించి, ఒక్కసారి గట్టిగా ఊదింది. ఎగిరొచ్చి చాప మీద పడింది... రంగు వెలిసి, కాస్త ఉబ్బిన బఠానీ. నన్ను గుండెకు హత్తుకుని టీచర్ ఏడ్చేసింది. నేను ఏడుపు మొదలుపెట్టింది అప్పుడే.

మర్నాటి నుంచి ఆ డబ్బా మళ్ళీ రాలేదు. టీచర్ తన పాత ప్లాస్టిక్ గాజులు, రంగురంగులవి, సంచి నిండా తెచ్చింది. "ఇవి ఎవ్వల ముక్కుల వడతయో నేను గూడ చూస్త" అంది. తీసేసిన గాజులు ఆమె చేతికే తొడగాలి. లెక్కల గంట అయ్యేసరికి చెయ్యి మోచేతి దాకా నిండిపోయేది.

ఊరి పక్కనే ఎయిర్‌పోర్టు వచ్చి, ఇప్పుడు మా ఊరి మీదుగా విమానాలు తిరుగుతున్నాయి... మా పాప ట్యాబ్‌లో తీసివేతలు నేర్చుకుంటోంది. రంగు బంతిని తాకితే చాలు, మాయం. దాచుకునే పనే లేదు, తొడగడానికి ఎవరి చెయ్యీ లేదు.

మీరు చిన్నప్పుడు ముక్కుల్లో, చెవుల్లో ఏమేం దాచారో చెప్పండి మరి. అన్నీ చదువుతాను... ఒక కన్ను మాత్రం మా పాప ముక్కు మీదే ఉంచి.