మోట దగ్గర ఉపదేశయ్య

మా ఊరి ఉపదేశయ్య చనిపోయాడని శనివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఉపదేశయ్య పోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు" అన్నాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఒకరితో చేయించుకోకుండా పోయాడు, ఇందులో ఏడవాల్సింది ఏముంది అని నాకు నేనే చెప్పుకుంటూ జనగామలో పాలకుర్తి బస్సెక్కాను. బస్సు ఊరు దాటకముందే కొంగు తడిసిపోయింది.

ఉపదేశి అంటే తెలియని పాఠకులకు ఒక మాట. మా పల్లెకు సొంతంగా ఫాదర్ ఉండేవారు కాదు. నెలకొకసారి మోటారు సైకిల్ మీద వచ్చి పూజ చేసి వెళ్లిపోయేవారు. మిగతా ఆదివారాలు గుడి తలుపు తీయడం, జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, చచ్చిపోయినవాళ్లను సాగనంపడం అంతా ఉపదేశి పనే. దానికి ఆయనకు దొరికే గౌరవం ఎక్కువ, గింజలు తక్కువ. కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగేది.

ఆయన గొంతు గురించి మంచిగా చెప్పాలంటే అబద్ధమాడాలి. పాట ఎత్తుకున్నాడంటే మేము కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లం. కానీ జపం దగ్గర ఒక్క మాట మింగితే ఊరుకునేవాడు కాదు. మొదటి నుంచి చెప్పించేవాడు. "గాయింత ఉరుకుడెందుకు బిడ్డా? దేవుడేమన్న బస్సు పట్టాల్నా?" అనేవాడు. ఇప్పటికీ జపమాల పట్టుకుని వంటింటి పనులు తలుచుకుంటుంటే ఆ మాట చెవిలో పడుతుంది.

నేను ప్రథమ సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం మొదటిసారి, తీసుకోవాల్సిన సంవత్సరమే తెలంగాణ కోసం పందొమ్మిది వందల అరవై తొమ్మిది నాటి గొడవలు వచ్చాయి. బస్సులు లేవు, బడులు లేవు. ఫాదర్ గారు గుంటూరు వైపు మనిషి. కొన్ని నెలలు మా ఊరికి రాలేకపోయారు. మా పిల్లల పండుగ వాయిదా పడుతూ పడుతూ చివరికి మరుసటి ఏడాది యాసంగి వరి పొట్టకొచ్చిన రోజులకు వచ్చి పడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా నాయిన ఒక పటేల్ దగ్గర జీతం ఉండేవాడు. ఉగాదికి మాట కుదిరిందంటే మళ్లీ ఉగాది దాకా ఆ ఇంటి మనిషే. ఆదివారం లేదు, సోమవారం లేదు. బావి దగ్గర ఎద్దులతో మోట కొట్టి పొలానికి నీళ్లు పెట్టడం ఆయన పని. నాకు ఊహ తెలిశాక నాయిన ఆదివారం గుడిలో కూర్చోగా చూడలేదు. ఈ ఒక్క పూటకు పంపమని పటేల్‌ను బతిమిలాడాడు.

"నువ్వు గుడికి పోతె మోటెవడు కొడ్తడ్రా? పొట్టకొచ్చిన పొలం. నీళ్లు తప్పితె తాలు పోదా?" అన్నాడు పటేల్.

ఆయన చెడ్డవాడేమీ కాదు. జ్వరమొస్తే దవాఖానకు బండి కట్టించేవాడు. ఆదివారం అన్న మాటే ఆయనకు తలకెక్కేది కాదు. అవ్వ కుట్టించిన తెల్ల గౌను నాయిన ముందు పరిచి నేను ఏడుస్తూ కూర్చున్నాను. నాయిన గౌనును ముట్టుకోలేదు, చేతులకు మట్టి ఉందని.

ఆ ఆదివారం గుడిలో పిల్లలం వరసగా కూర్చున్నాం. వెనక్కి చూస్తే, ఉతికిన ధోవతి కట్టుకుని, తల తడిగా, మగవాళ్ల వైపు నాయిన! కలేమో అనుకున్నాను. అంతలో ఫాదర్ గారు "ఉపదేశి ఏడీ?" అని అడిగారు. ఉపదేశయ్య భార్య ఉపదేశమ్మ లేచి, తల వంచుకుని, "మోట కాడ ఉన్నడు స్వామీ" అంది.

నాలుక మీద సత్ప్రసాదం పెట్టినప్పుడు దేవునితో ఏం చెప్పాలో నెల రోజులు ఆలోచించుకున్నాను. తీరా సమయానికి నాయిన ఉన్నాడా లేడా అని తిరిగి చూసుకోవడమే సరిపోయింది. ఉన్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

పూజ కాగానే నాయిన నా చెయ్యి పట్టుకుని బావి వైపు పరుగులాంటి నడక నడిచాడు. మా వెనకే ఫాదర్ గారు, సత్ప్రసాదం ఉన్న చిన్న పెట్టెను గుండెకు ఆనించుకుని వచ్చారు. ఉపదేశయ్య మోకాళ్ల దాకా బురదతో ఎద్దులను అదిలిస్తున్నాడు.

"ఏమయ్యా, నువ్వు నేర్పిన పిల్లల పండుగ ఇవాళ. పూజ మానేసి ఎద్దులు తోలుతున్నావా?"

"మానలే స్వామీ. నా బదులు వీన్ని పంపిన."

ఫాదర్ గారు నెమ్మదిగా, "కాళ్లూ చేతులూ కడుక్కో. నీకోసం సత్ప్రసాదం తెచ్చాను" అన్నారు.

"ఇప్పుడే అంబలి తాగిన స్వామీ. కడుపుల ఏమన్న పడ్డంక సత్ప్రసాదానికి గంట ఆగాలె గద. పిల్లలకు చెప్పినోన్ని నేనే తప్పితె ఎట్ల?"

ఫాదర్ గారు నవ్వి, బావి గట్టు మీద కూర్చున్నారు. నాయిన తాడు అందుకోబోతే ఉపదేశయ్య ఇవ్వలేదు. "ఈ పూట నాది. బిడ్డతోని కూసో" అన్నాడు. అట్లా కూర్చున్నాం, ఎద్దులు వచ్చిపోతుంటే చూస్తూ. ఇంతలో పొలం చూసుకోవడానికి పటేల్ వచ్చాడు.

"గిదేంది స్వామీ, ఎండల కూసున్నరు? ఇంటికి రాండ్రి."

"ఈయనకు తీరిక దొరకాలని కూర్చున్నానండీ" అన్నారు ఫాదర్ గారు.

పటేల్ మా నాయినను చూశాడు, నా తెల్ల గౌను చూశాడు, తాడు పట్టుకున్న ఉపదేశయ్యను చూశాడు. పొలంలో నీళ్లు ఎప్పటిలాగే పారుతున్నాయి. గంట గడిచాక ఉపదేశయ్య కాళ్లు కడుక్కుని బావి పక్కన మోకరించాడు. పటేల్ చెప్పులు విడిచి కొంచెం దూరంగా నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి ఉపదేశయ్య ప్రతి ఆదివారం ఒక్కో జీతగాడి బదులు పొలానికి వెళ్లాడు. జపాలు ఉపదేశమ్మ చెప్పించేది. ఆడమనిషి చెప్పించడమేమిటని సణిగినవాళ్లు ఉన్నారు. "అయితె మీరు మోటకు పోండ్రి, మా ఆయనను పంపుత" అందామె. సణుగుడు ఆగింది. ఆ ఉగాదికి జీతగాళ్లంతా ఒక్కటై, ఆదివారం పొద్దటి పూట ఇస్తేనే మాట కుదురుతుందన్నారు. పటేళ్లు కేకలేశారు. ముందుగా ఒప్పుకున్నది మా నాయిన పటేలే.

ఆ పూట క్రైస్తవులు కాని జీతగాళ్లకూ దొరికింది. వాళ్లు హాయిగా నిద్రపోయేవారు. మనం కొట్లాడితే వాళ్లు పండుకుంటున్నారని ఎవరో అంటే ఉపదేశయ్య, "పండుకోనీయ్. ఏడో దినం దేవుడు గూడ గదే జేసిండు" అన్నాడు. సామాజిక న్యాయం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను, మంచివే. ఆయన దగ్గర నేర్చుకున్నది వాటికి ముందే నాలో ఉంది. దానికి నేను ఆయనకు ఎంతో రుణపడ్డాను.

అంత్యక్రియలు ఆదివారమే. గుడిలో పూజ మొదలయ్యేటప్పటికి సమాధుల తోటలో ఇద్దరు కుర్రాళ్లు ఇంకా గుంత తవ్వుతున్నారు. ఒకప్పుడు మా నాయినతో పాటు జీతం చేసిన ముసలాయన ఒకడు అటు వచ్చాడు. ఆయన గుడికి వచ్చే మనిషి కాదు, ఏనాడూ రాలేదు. "పూజ షురువైంది, మీరు పోండ్రి. మిగిలింది నేను జూస్త" అని వాళ్లను పంపించేశాడట.

మేము పెట్టె మోసుకుని వెళ్లేసరికి ఆయన ఇంకా గుంతలోనే ఉన్నాడు. చేతులతో అడుగంతా తడుముతూ, దొరికిన బెడ్డలను ఒక్కొక్కటిగా ఏరి పైకి వేస్తున్నాడు. "తాతా, ఇగ పైకి రా" అని తమ్ముడు చెయ్యి అందించాడు.

"జర ఆగుండ్రి బిడ్డా. ఈపుకు గుచ్చుకుంటయి" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆగాం. భుజాల మీద పెట్టెతో, ఫాదర్‌తో సహా అందరం, ఆయన పని అయ్యేదాకా నిలబడ్డాం.