విత్తనపు పల్లీలు, స్కాట్లండ్ సిపాయి

నేను డిగ్రీ పూర్తి చేయడానికి కారణం మా నాన్నా కాదు, మా ఆయనా కాదు. ఎప్పుడో పదిహేడో శతాబ్దంలో కొన్నాళ్లు రాజుకు ఎదురు తిరిగి, కొన్నాళ్లు రాజు తరఫున కొట్లాడిన ఒక స్కాట్లండ్ సిపాయి. ఆయన పేరు అప్పుడూ నాకు నోరు తిరగలేదు, ఇప్పుడూ గుర్తు లేదు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గద్వాల నుంచి కోడేరు దగ్గరి ఊరికి కోడలిగా వచ్చి, పెళ్లితో ఆగిపోయిన చదువును దూరవిద్యలో మళ్లీ పట్టాను. మొదటి ఏడు మిగతా పరీక్షలు ఎట్లాగో రాశాను గానీ, ఆఖరిది, చరిత్ర పరీక్ష, సరిగ్గా యాసంగి పల్లి విత్తే వారంలో పడింది. విత్తనపు పల్లీలను చాలా ముందే ఒలిచి పెట్టుకుంటే మొలక సరిగా రాదు. విత్తే ముందు రోజుల్లోనే కూర్చుని చేత్తో ఒలవాలి. కూలోళ్లు నీళ్లు చల్లి గబగబా ఒలిచి గింజ చెడగొడతారని అత్తమ్మ అనుమానం. కాబట్టి ఆ పని ఇంటి ఆడవాళ్లదే, అంటే ఆమెదీ నాదీ.

"పరీక్ష యాడికి పోదు బిడ్డ. వచ్చే యేడు రాస్తువు తియ్," అంది అత్తమ్మ.

మా ఆయన వైపు చూశాను. ఆయన అమ్మ మాటకూ తలూపుతాడు, నా మాటకూ తలూపుతాడు. వచ్చే ఏడంటే ఏమిటో నాకు తెలుసు. అప్పటికి కాన్పో కష్టమో వస్తుంది, పుస్తకాలు అటకెక్కుతాయి. ఏడుపొచ్చింది గానీ, వాదించి గెలవగలిగే మనిషి కాదు మా అత్తమ్మ. చాటకు పుస్తకం ఆనించి, పల్లికాయ ఒలుస్తూ పైకి చదవడం మొదలుపెట్టాను. చేతులు ఆగడం లేదు కనుక ఆమె ఏమీ అనలేకపోయింది.

యూరప్ చరిత్రలో ఆ సిపాయిది ఒక పాఠం. సొంతూళ్లో బతుకుదెరువు లేక, జీతం కోసం పరాయి దేశాల యుద్ధాలకు పోయాడట.

"మీ మామ కాలువ పనులకు పోయినట్లు," అంది అత్తమ్మ తలెత్తకుండా. వింటోందన్నమాట.

నేను గొంతు పెంచాను. సిపాయి తిరిగొచ్చేసరికి దేవుణ్ణి ఎట్లా మొక్కాలో కూడా రాజే చెబుతున్నాడని జనం తిరగబడ్డారు. సిపాయి జనం వైపు చేరి రాజు సైన్యాన్ని తరిమాడు. అత్తమ్మకు తెగ నచ్చాడు. మరునాడు పొద్దున చదివిన పేజీలో పోయి రాజు పక్కన నిలబడ్డాడు.

అత్తమ్మ చేతిలో పల్లికాయ అట్లాగే ఆగింది. "తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడంటే గిదే. నిన్న గీళ్ల దిక్కు, నేడు గాళ్ల దిక్కు. గసొంటోన్ని ఎట్ల నమ్మాలె?"

మా ఆయన మెల్లగా లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

ఆ కోపం ఒక పూటే. రాజు పిలిచినంక పోకుంటే ఇల్లు ఉండనిస్తడా అని, సాయంత్రానికి తానే సిపాయి తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఒకే ఎన్నికల్లో రెండుసార్లు కండువా మార్చిన మా పక్కింటాయన కంటే ఇతను నయమని కూడా తేల్చింది. పక్కింటాయన గోడ అవతలే ఉన్నాడు.

ఆఖరికి సిపాయి ఒక లడాయిలో ఓడి జైల్లో పడ్డాడు. పాఠం అయిపోయింది.

"మల్ల ఏమైంది? ఉరి తీసిండ్రా?"

"తెల్వదు అత్తమ్మ. మిగిలింది రెండో యేడు పుస్తకంల ఉన్నది. పరీక్ష రాసినోళ్లకు వనపర్తి కాలేజీల ఇస్తరు."

ఇందులో నా తెలివేమీ లేదు, ఉన్న మాటే చెప్పాను. అత్తమ్మ చాటలో గింజలు చెరిగి, పొల్లు ఏరి పడుకుంది. పరీక్ష రోజు పొద్దున చూస్తే మంచి చీర కట్టుకుని, సంచి నిండా పల్లికాయ పోసుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"బస్సు పోతది. నడువు."

వనపర్తిలో నేను లోపల రాస్తుంటే ఆమె కాలేజీ మెట్ల పక్కన కూర్చుని ఒలిచింది. నేను బయటికొచ్చేసరికి, పిల్లల కోసం వచ్చిన ఇంకో ఇద్దరు తల్లుల ఒళ్లో కూడా మా పల్లికాయే ఉంది. నీళ్లు చల్లొద్దని వాళ్లకు గట్టిగానే చెప్పి ఉంటుంది.

"సిపాయి ముచ్చట అడిగిండ్రా?"

"అడగలే అత్తమ్మ."

"ఒక్క మాట గూడ?"

"ఒక్క మాట గూడ."

నేను ఫెయిలైనా అత్తమ్మ అంత బాధపడేది కాదు. గన్ని దేశాలు తిరిగినోన్ని ఇడిసిపెట్టి ఇంకెవల్ని అడిగిండ్రని బస్టాండు దాకా గొణుగుతూనే ఉంది.

కాలేజీలో ఇచ్చిన కొత్త పుస్తకం బస్సులో తెరిచి వెతికాను. దొరికాడు. జైలు నుంచి తప్పించుకున్నాడు, మళ్లీ పరాయి దేశాలు పట్టుకు తిరిగాడు, కొత్త రాజు గద్దెనెక్కాక ముసలివాడై సొంతూరు చేరాడు.

"ఇల్లు చేరిండా?" అత్తమ్మ ముఖం విప్పారింది. సొంత మనిషి వచ్చినంత సంతోషం నాకూ కలిగింది. "మరి గన్నేండ్లు ఇల్లెవలు నడిపిండ్రు? చేనెవలు జూసిండ్రు?"

పుస్తకంలో లేదన్నాను.

మామయ్య కాలువ పనులకు పోయిన ఏండ్లన్నీ మా పల్లి చేనును ఒంటిచేత్తో నడిపింది అత్తమ్మే.

"మల్ల పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే యేడు."

"ఇత్తనం నేను జూస్కుంట. నువ్వు సదువు. గా ఇంటామె ముచ్చట యాడనన్న రాసి ఉంటది, దేవులాడు."