వరఖ్ దుకాణం గోడకు ఆనుకున్న హార్డ్‌డిస్క్

మా ఎడిటింగ్ గదికీ పక్కనున్న వరఖ్ దుకాణానికీ ఒకటే గోడ. పాతబస్తీ శాలిబండలో గది దొరకడమే గగనం, ఇక గోడలు ఎంచుకునే యోగం కూడానా? అవతల దుకాణం నడిపే చాచా, ఆయన పనివాళ్ళూ తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి పొద్దున్నుంచీ సుత్తెలతో బాదుతుంటారు. మిఠాయిల మీద మెరిసే వెండి రేకు అలా తయారవుతుంది. ఇవతల నేనూ వాళ్ళ పనివేళల్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. మా ఆయన తీస్తాడు, నేను కత్తిరిస్తాను. ఆ బాదుడుకు నా చెవులు ఎంత అలవాటు పడ్డాయంటే, అది వినిపించడమే మానేసింది.

ఆ వారం నా కంప్యూటర్ మొరాయించింది. ఫైలు తెరవబోతే బిగుసుకుపోతుంది, కాపీ పెడితే మధ్యలో ఆగుతుంది, లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. హార్డ్‌డిస్క్ చావుకొచ్చిందని అర్థమైంది. అందులో ఒక పెళ్ళి ఉంది, అది ఇంకెక్కడా లేదు. కెమెరా కార్డులు తుడిచేసుకుని మా ఆయన మలక్‌పేటలో మరో పెళ్ళికి వెళ్ళాడు.

ఆ పెళ్ళి మా వీధి చివర ఉండే ఒక అక్క కూతురిది. అక్క సర్కారు దవాఖానలో ఆయా. భర్త పోయాక ఒంటిచేత్తో బిడ్డను పెంచింది, చదివించింది, పెళ్ళి కుదిర్చింది. తీరా ముహూర్తం వేళకు, భర్త లేనిదానివి మంటపం దగ్గర నీకేం పని అన్నారు చుట్టాలు. కన్యాదానం మరిదీ తోడికోడలూ చేశారు. తాళి కట్టే సమయానికి అక్క ఫంక్షన్ హాలు వెనక స్టోర్ రూములో గిన్నెలూ గరిటెల మధ్య కూర్చుంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కన్నకూతురి మెడలో తాళి పడటం ఆమె కళ్ళారా చూడాలంటే నా డిస్క్ ఒక్కటే దిక్కు.

రోజూ డ్యూటీ దిగి వస్తూ మా గుమ్మంలో ఆగేది.

"అయిందా చెల్లె, మా పోరి పెండ్లి?"

"అయితుంది అక్కా. గింత పని ఉంది, ఫికర్ చెయ్యకు."

ఫికరంతా నాదే. వైర్లు మార్చాను. వైరస్ వెతికాను. దసరా పూజకు కంప్యూటర్‌కు నేనే పెట్టిన పసుపు కుంకుమ ఫ్యానులో రాలిందేమోనని బ్రష్షుతో దులిపాను. మా అత్తమ్మ దిష్టి అంటే నిమ్మకాయ కూడా కట్టాను, పోయేదేముంది! డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ పెడితే పసుపు రంగు వచ్చింది. ఎరుపైతే పోయినట్టు, పసుపంటే కొన ఊపిరి. కొన్నిచోట్ల చదవలేకపోతోందని చెప్పింది కానీ, ఎందుకో చెప్పలేదు. ఇలాంటి డిస్కును ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ఆ తర్వాత ఆపలేదు, కదపలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని, ఆశ లేకుండానే కొత్త డిస్కులోకి కాపీ నొక్కాను. పరిగెత్తింది! మంగళస్నానాలు దాటింది, ఎదుర్కోళ్ళు దాటింది. కంచం పక్కన పడేసి లేచి నిలబడ్డాను. సరిగ్గా తాళి దగ్గరికి వచ్చేసరికి టిక్కుమని ఆగింది. అదే క్షణాన గోడ అవతల ధన్‌మని సుత్తె పడింది.

జుమ్మా నమాజుకని సుత్తెలు ఆపి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు.

కంప్యూటర్ పెట్టిన చెక్క మీద అరచెయ్యి ఆనించాను. సుత్తె పడినప్పుడల్లా చేతికి అదురు తగిలింది. నేల మీద చోటు కలిసొస్తుందని ఆ చెక్కను ఆ గోడకే మేకులు కొట్టి బిగించింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఎంగిలి చేత్తోనే బయటికి ఉరికాను.

"చాచా, రుకో! ఒక్క నిమిషం ఆపుండ్రి!"

సుత్తెలు ఆగాయి. "క్యా హువా బేటీ? ఏంది లొల్లి?"

"ఏం అడగకుండ్రి. నేను గోడ మీద తడుత, మీరు ఒక్క దెబ్బ ఎయ్యుండ్రి. ఒక్కటే!"

ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలిందన్నట్టు చూశాడు చాచా. నేను గదిలోకి పరిగెత్తాను. కాపీ మళ్ళీ కదులుతోంది. గోడ తట్టాను. ధన్! ఆగిపోయింది. కాసేపటికి కదిలింది. మళ్ళీ తట్టాను. ధన్! మళ్ళీ ఆగింది. "దొరికావు దొంగా!" అని ఎగిరి గంతేశాను. డిస్క్ ముసలిదైన మాట నిజమే, కానీ చావలేదు. చూపు మందగించిన మనిషి సూదిలో దారం ఎక్కిస్తుంటే పక్కనుంచి ఎవరో మోచెయ్యి తట్టినట్టుంది దాని అవస్థ.

మళ్ళీ వెళ్ళి సంగతంతా చెప్పాను. మీ దెబ్బకు అక్క కూతురి తాళి మధ్యలో ఆగిపోయిందన్నాను.

"సాయంత్రానికి మిఠాయి దుకాణపోళ్ళకు మాల్ ఇయ్యాలె," అని చాచా చాలాసేపు గొణిగాడు. ఆ తర్వాత సుత్తె కింద పెట్టి పనివాళ్ళ వైపు తిరిగాడు. "చలో, చాయ్ పీలో సబ్."

ఆ సాయంత్రం దాకా నేను కుర్చీలో కూర్చుంటే ఒట్టు. ఫైళ్ళు ఒక్కొక్కటే కొత్త డిస్కులోకి దిగాయి. తాళి కట్టిన ఫైలు ఆడించి చూశాను. భజంత్రీలు గదంతా మోగేసరికి కేక పెట్టేశాను.

"హుయీ క్యా షాదీ?" అన్నాడు చాచా గోడ అవతల్నుంచి.

"హో గయీ చాచా, పెండ్లి అయిపోయింది!"

అక్క డ్యూటీ చీరలోనే వచ్చింది. నా కుర్చీలో కూర్చోబెట్టి నేరుగా తాళి దగ్గర పెట్టాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. పంతులు చెయ్యెత్తి భజంత్రీలకు సైగ చేయగానే లేచి నిలబడి, సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది.

"గదేంది అక్కా?"

"అక్షింతలు. ఆ రోజు స్టోర్ రూంల పిడికిట్ల పట్టుకొని కూసున్న. ఎవరి మీద ఎయ్యాలె?"

తెర మీద మూడో ముడి పడింది. అక్క రెండు చేతులా చల్లింది. పసుపు బియ్యం తెరకు తగిలి కీబోర్డు నిండా రాలింది. నా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. అక్క మాత్రం నవ్వుతూ పొట్లంలోకి చూసుకుంది.

"ఇంకోసారి తాళి కట్టియ్యి చెల్లె. ఇంక కొన్ని మిగిలినయ్."