లోపలి వైపు ఫోటో

ఆ రోజు పొద్దున మార్తమ్మ తెచ్చిన మొదటి చొక్కాకు చేతి గుండీ ఒకటి లేదు. ఆ సంగతి మార్తమ్మే ముందుగా చూపించింది. అందుకే సుల్తానా చొక్కాను తిరగేసింది. వీపు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ అరచేతి వెడల్పున ఉంది.

"గుండీ లేదని నేనే చెప్పాను కదండీ," అంది మార్తమ్మ.

"నువ్వు గుండీ చూపించావు కాబట్టే వీపు చూశాను."

మార్తమ్మ వీధి వీధీ తిరిగి స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకునే మనిషి. ఆమె దగ్గర కొన్న బట్టల్ని ఉతికి, కుట్లు వేసి, ఏలూరు కాలువ వంతెన పక్కన పట్టా పరుచుకుని అమ్ముతుంది సుల్తానా. భర్త రహమాన్ పోయినప్పటి నుంచీ ఇల్లు దీని మీదే నడిచింది. ఆ వ్యాపారం ఆవిడకు నేర్పింది ఒక్కటే: చిన్న లోపం తనంతట తాను చూపించేవాడు పెద్దది దాస్తున్నాడు. పాత బట్టల మూటల దగ్గర ఆ మాట తప్పడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆవిడ కొడుకు నదీమ్ కైకలూరు అవతల రొయ్యలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. చల్లగదిలోకి వెళ్ళేవాళ్ళకు ఫ్యాక్టరీ దళసరి కోట్లు ఇస్తుంది, కానీ ఒక షిఫ్టు వాడు విప్పింది తరువాతి షిఫ్టు వాడు వేసుకోవాలి. ముందువాడి చెమట ఆరక ముందే అదే కోటుతో లోపలికి పోయేసరికి నదీమ్‌కు దగ్గు పట్టింది. సూపర్‌వైజర్ వీరాస్వామి వాణ్ణి బయట ఐసు కొట్టే పనిలో వేశాడు. సీజను మొదలయ్యేనాటికి దగ్గు తగ్గి, సొంత కోటు ఉంటే లోపలికి, లేకపోతే ఇంటికి అన్నాడు.

అలాంటి కోటు ఏలూరులో దొరకలేదు. మన ఎండలకు దాన్ని ఎవరు అమ్ముతారు? జపానులో వాడిన కోట్లు ఇంటర్నెట్టులో అమ్ముతారని నెట్ సెంటర్ బుచ్చిబాబు చెప్పాడు. పాత కెమెరాలు తెప్పించుకునే పిచ్చి ఉంది అతనికి. అక్కడ ఒక ఏజెంటు తన పేరున కొని పార్శిలు చేసి పంపుతాడట. సుల్తానాకు ఆ మాటలో ఒక్క ముక్క కూడా నచ్చలేదు. అయినా సాయంత్రం వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది.

"మొహం తెలియనివాడు అమ్మితే, మొహం తెలియనివాడు కొని పంపుతాడా? మధ్యలో ఎవరు తింటారు బాబూ?"

"ఏజెంటు కమీషన్ తింటాడండి. అది ముందే చెబుతాడు."

"ముందే చెప్పాడంటే ఇంకేదో ఉంది."

బుచ్చిబాబు నవ్వి, ఒక అమ్మకందారు పేరు పక్కనున్న మార్కులు చూపించాడు. కొన్నవాళ్ళంతా మంచివాడని రాశారు.

"వాళ్ళ బావమరుదులు రాసుంటారు," అంది సుల్తానా.

"అందుకేనండీ, మంచి మార్కులు వదిలేసి తిట్టినవి చదవాలి. తిట్టేవాడు ఊరికే తిట్టడు."

ఆ మాట ఒక్కటి ఆవిడకు నచ్చింది. ప్రతి కోటు కింద రాసిన కొలతలు కూడా నచ్చాయి. జపానువాళ్ళ పెద్ద సైజు మనవాళ్ళకు బిగుతని, మెడ దగ్గరున్న సైజు అక్షరాన్ని నమ్మొద్దని బుచ్చిబాబు అన్నాడు. సుల్తానా ఇంటికెళ్ళి, నదీమ్‌కు వదులుగా ఉండే స్వెట్టరును చాప మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంక దాకా టేపుతో కొలుచుకొచ్చింది.

కొలతకు సరిపోయినవి రెండు కోట్లు దొరికాయి. మొదటిదానికి కుప్పలుగా ఫోటోలు ఉన్నాయి. మోచేతి దగ్గర చిన్న చిరుగు, దాని పక్కన అమ్మేవాడి వేలు. లోపలి అస్తరు మీద టీ మరక, మళ్ళీ వేలు. కంప్యూటరు అనువదించిన ఇంగ్లీషును బుచ్చిబాబు తెలుగులో చెప్పాడు: ఇంట్లో పొగ తాగేవాళ్ళు లేరు, పిల్లి ఉంది, క్షమించాలి.

రెండోదానికి ముందువైపు ఫోటో ఒక్కటే ఉంది. కొత్తదానిలా ఉంది. కింద ఒక్క ముక్క: కనిపించే లోపాలు లేవు, తిరిగి తీసుకోము.

"వేలు పెట్టి చూపిస్తున్నాడు, చూశావా?" అంది సుల్తానా. "వీడు మార్తమ్మకు అన్న. రెండోదే కొను."

"లోపలి వైపు ఫోటో లేదండీ ఇందులో. ఒకసారి అడుగుదాం."

"అడిగితే అబద్ధం చెబుతాడు. రెండోదే."

పార్శిలు వచ్చిన రోజు ఆవిడ దాన్ని వాకిట్లోనే విప్పింది. పైకి మచ్చ లేదు, జిప్పు సాఫీగా నడిచింది. తిరగేసింది. లోపలి పూత మొత్తం కుళ్ళిపోయి, ముట్టుకుంటే పొట్టులా రాలింది. వేళ్ళకు జిగురు అంటింది. నదీమ్ దాన్ని ఒకసారి తొడుక్కుని విప్పేసరికి చొక్కా నిండా తెల్లటి పొట్టు, పైగా ఆగని దగ్గు.

"రోడ్డు మీద చొక్కా కూడా తిరగేయకుండా కొనవు కదా అమ్మీ," అన్నాడు.

ఆవిడ కోటును మడిచి, చంకన పెట్టుకుని నెట్ సెంటరుకు నడిచింది.

"ఆ వేలు మనిషిని మళ్ళీ తీయి."

బుచ్చిబాబు కోటు లోపలి వైపు చూశాడు, అడుగుదామన్న తన మాట ఎత్తకుండా కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. అతని మర్యాద కూడా ఆవిడకు అనుమానంగానే తోచింది. చిరుగు కోటు ఎప్పుడో అమ్ముడుపోయింది. అదే మనిషి పెట్టిన ఇంకొకటి ఉంది, జేబు దగ్గర అతుకుతో. అతుకు ఫోటో ఉంది, అస్తరు ఫోటో ఉంది, వేలు కూడా ఉంది.

"ఇంకేం లోపం ఉందో అడుగు," అంది సుల్తానా.

మర్నాడు జవాబు వచ్చింది. అడిగినందుకు కృతజ్ఞతలు, మెడ పట్టీ లోపల పాత యజమాని పేరు సిరాతో రాసి ఉంది, ఉతికినా పోలేదు, ఫోటో జత చేస్తున్నాను.

"పేరు ఎందుకు రాసుకున్నాడు? చచ్చిపోయాడా ఏం?"

"వాళ్ళ ఫ్యాక్టరీలో కూడా కోట్లు మారిపోతాయేమోనండీ."

సుల్తానా చాలాసేపు ఆ అక్షరాల వంక చూసి, సరే కొను అంది.

సీజను మొదలయ్యే ముందు వారం కోటు వచ్చింది. అతుకు చెప్పిన చోటే ఉంది, పేరూ చెప్పిన చోటే ఉంది. ఆవిడ చంకల్లో వాసన చూసింది, జేబులు బయటికి లాగింది, అస్తరును గోటితో గీకింది. ఏమీ రాలలేదు. మరో రోజు ఎండలో వేసి మళ్ళీ గీకింది. అప్పటికి నదీమ్ దగ్గు కూడా తగ్గుముఖం పట్టింది.

పనిలోకి వెళ్ళే రోజున కొడుకుతో పాటు తనూ కైకలూరు బస్సెక్కింది. ఎవరైనా అడిగితే వాడు కోటు ఇచ్చేస్తాడని ఆవిడ అనుమానం. చల్లగది తలుపు దగ్గర వీరాస్వామి కోటును పట్టి చూశాడు.

"ఎక్కడిదిరా ఇది? మన కోట్లకంటే దళసరిగా ఉందే."

"నాదేనండీ."

"లోపల ఎవరిదో పేరుంది?"

"ఆయనకి ఇంక అక్కర్లేదటండీ," అంది సుల్తానా వెనక నుంచి. "మావాడిది తప్ప ఎవరి ఒంటి మీదికీ వెళ్ళకూడదు, చెబుతున్నాను."

వీరాస్వామి నవ్వి తలుపు తీశాడు. తెల్లటి పొగలోకి నదీమ్ వెళ్ళాడు, తలుపు మూసుకుంది. దగ్గు వినిపిస్తుందేమోనని ఆవిడ కాసేపు చెవి ఒగ్గింది.

"లోపల ఎంత చలండీ?"

"మైనస్ ఇరవై, అమ్మా."

"నిజంగానా, చెప్పుకోవడానికా?"

అతను తలుపు పక్కనున్న మీటరు వైపు వేలు చూపించాడు. సుల్తానా దగ్గరికెళ్ళి చూసింది. మైనస్ పంతొమ్మిది.