నాలుగుకీ ఐదుకీ మధ్య భోజనం

మా ఇంట్లో ఊరి సంగతి ఎవరెత్తినా నా నోరు ఊరుకోదు. ఇరవై ఏళ్ళ పైబడి ఈ మహానగరంలో లిఫ్టులు బాగుచేస్తున్నాను. నేను ఎక్కని భవనం లేదని ఎవరి దగ్గరైనా చెప్పుకుంటాను. మ్యూజియంలో బొమ్మలు ఎలా ఉంటాయని అడిగితే మాత్రం కాస్త ఇబ్బంది. అక్కడి సామాన్ల లిఫ్టు మోటారు ఎండాకాలం ఎంత వేడెక్కుతుందో చెప్పగలను గానీ, బొమ్మలున్న గదుల్లో నేనెప్పుడూ కాలు పెట్టలేదు.

అలాంటి నా ఎదురుగా కూర్చుని మా తోడల్లుడు ఫోను తీసి, ఈ ఊళ్ళో చూడాల్సినవి చదవడం మొదలుపెట్టాడు. అత్తగారిని కంటి డాక్టరుకి చూపించడానికి వాళ్ళ ఊరి నుంచి ఆయనే తీసుకొచ్చాడు. ఆయనకి మందుల షాపు. సీసా గానీ అట్టపెట్టె గానీ కనబడితే, దాని మీద ఏం రాసుందో చదివేదాకా ఊపిరాడదు. మా టీపొడి డబ్బాని కూడా తిప్పి తిప్పి చూశాడు. శనివారం అత్తగారికి కొత్త కళ్ళజోడు వచ్చేసింది. ఆదివారం ఇక పనేమీ లేదు.

"అన్నయ్యా, పెద్ద టవరొకటి ఉందట. గుండ్రంగా తిరిగే హోటలొకటి ఉందట..."

"అవన్నీ ఊరికి కొత్తవాళ్ళు పోయే చోట్లు," అన్నాను. "అసలైనవి మీ ఫోనుకేం తెలుసు? నాతో రండి, చూపిస్తాను."

వంటింట్లోంచి మా ఆవిడ తల బయటపెట్టింది. "ఇన్నేళ్ళ కాపురంలో నాకు చూపించని చోట్లు ఇన్ని దాచిపెట్టారా?"

అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ అత్తగారు కొత్త కళ్ళజోడు సర్దుకుని, ఎంతో నమ్మకంగా నావైపు చూశారు. ఇక తగ్గడమెలా?

నిజానికి ఆ ఆదివారం డ్యూటీ నాదే. ఎక్కడైనా లిఫ్టు ఆగితే ఫోను నాకే వస్తుంది. ఆదివారం ఎవరు పిలుస్తారులే అనుకున్నాను. "ఇవాళైనా ఆ పనిముట్ల సంచి వదిలేయండి, దొంగతనానికి వెళ్తున్నట్టుంటుంది," అంది మా ఆవిడ. వదిలేశాను.

మొదట ధాన్యం గోదాముల వెనక సందులో వేయించిన చేపలు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళాను. బస్సులో ఉన్నంతసేపూ ఆ చేప ముక్క పంటి కింద ఎలా కరకరలాడుతుందో వర్ణిస్తూనే ఉన్నాను. సందు ఉంది, గోదాములున్నాయి. దుకాణం ఉండాల్సిన చోట అద్దాల తలుపు, దాని వెనక కండలు తిరిగిన కుర్రాళ్ళు ఇనప బరువులెత్తుతూ కనబడ్డారు.

"చేపలు వీళ్ళే వేయిస్తారా బాబూ?" అన్నారు అత్తగారు.

"మీరిక్కడ తిన్నదెప్పుడు అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు.

"మొన్నీమధ్యే."

"ఆ మొన్నీమధ్యకి మా అమ్మాయి ఇంకా పుట్టలేదు," అంది మా ఆవిడ. "ఇప్పుడది కాలేజీలో చదువుతోంది."

ఇంతటితో పోయేదేముందని, బస్సు డిపో క్యాంటీనుకి దారి తీశాను. డ్రైవర్లూ కండక్టర్లూ తినే చోటు. బయటివాళ్ళు కూడా తినొచ్చని చాలామందికి తెలియదు. వంట చేసే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "ఏం లిఫ్టాయనా, ఇవాళ కుటుంబంతో వచ్చావే!" అందరి ముందూ ఆమె అలా పలకరించేసరికి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అయితే ఆదివారం కాబట్టి హాలు కడుగుతున్నారు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. పాపం, ఆవిడే వేడివేడి రొట్టెలు, బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు పొట్లం కట్టి ఇచ్చింది.

"ఎక్కడ తింటాం?" అంది మా ఆవిడ. ఆకలికి ఆమె ముఖం అప్పటికే మారిపోతోంది.

నాకు మెరుపులా ఆలోచన తట్టింది. డిపోకి ఎదురు వీధిలో పాత ఆఫీసుల భవనం ఉంది. పదంతస్తులు. దాని డాబా మీద నుంచి చూస్తే ఇటు నది, అటు కొండలు, మధ్యలో ఊరంతా పరుచుకుని ఉంటుంది. వాచ్‌మన్ నాకు బాగా తెలుసు. ఆయన నవ్వుతూ గేటు తీశాడు. నలుగురం లిఫ్టెక్కాం. పదో నంబరు నొక్కాను.

నాలుగు దాటింది. ఐదు రాలేదు. చిన్న కుదుపుతో లిఫ్టు ఆగిపోయింది.

"వచ్చేశామా?" అన్నారు అత్తగారు.

నంబర్లన్నీ వరసగా నొక్కాను. తలుపు మీద చెయ్యేసి చూశాను. జేబులు తడుముకుంటే దువ్వెన దొరికింది. ఈలోగా మా తోడల్లుడు అలవాటు కొద్దీ గోడ మీద అంటించిన కాగితం చదివేస్తున్నాడు. "చివరి తనిఖీ పోయిన నెల. పరిస్థితి, సంతృప్తికరం. సంతకం..." అని ఆగి, నావైపు తిరిగాడు. "అన్నయ్యా, ఇది మీ సంతకంలా ఉందే!"

"ప్రమాద సమయంలో నొక్కండి అని ఎర్ర బటన్ ఉంది కదా, అది నొక్కండి," అంది మా ఆవిడ.

"వద్దు," అన్నాను. కారణం చెప్పేలోపే ఆమె నొక్కేసింది.

నా జేబులో ఫోను మోగింది.

ఏం చేయాలో తోచక తీసి "హలో" అన్నాను. గోడలోని స్పీకరులోంచి నా గొంతే నాకు "హలో" అని బదులిచ్చింది. ముగ్గురూ కళ్ళప్పగించి చూస్తున్నారు.

"ఎవరు బాబూ?" అన్నారు అత్తగారు.

"నేనేనండీ."

"ఏమంటున్నారు?"

"వస్తానంటున్నారు."

మా ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ నేల మీద కూలబడింది. పెళ్ళయిన కొత్తలో కూడా నేనామెని అంతగా నవ్వించలేదు.

చివరికి సిగ్గు విడిచి మా మేస్త్రీకి ఫోను చేశాను. నాకు పని నేర్పినాయన. ఊరికి ఆ చివర కూతురింట్లో ఉన్నాడు. "ఆ తలుపు లాక్ అరిగిందని నీకు చెప్పానా లేదా?" అన్నాడు. వచ్చే నెల మార్చొచ్చులే అన్నది నేనే. "బుద్ధిగా కూర్చో. నీ తెలివితేటలు ఉపయోగించి తలుపు తీయకు. వస్తున్నా."

అప్పుడు చూశాను, మా తోడల్లుడి నుదుటి నిండా చెమట. చేతికందిన కమ్మీని బిగించి పట్టుకున్నాడు. "తాడు తెగితే?" అన్నాడు. పొద్దున్నుంచీ తిన్న దెబ్బలకి బదులుగా, ఇదే అదనని ఆయన్ని కాస్త భయపెట్టాలనిపించింది. కానీ ఆయన ముఖం చూస్తే నోరు రాలేదు.

"ఒక్కటి కాదు, ఐదు తాళ్ళున్నాయి. ఒక్కటి చాలు మనందర్నీ మోయడానికి. అన్నీ తెగినా పట్టాలని కరుచుకునే బ్రేకుంది. ఇది ఆగిందంటే భయపడే ఆగింది. పడిపోదు."

"మీలాంటిదేనన్నమాట," అంది మా ఆవిడ.

అత్తగారు నింపాదిగా శాలువా నేల మీద పరిచి పొట్లం విప్పారు. "ఆయనెవరో వచ్చేదాకా కూర చల్లారబెట్టుకోవడమెందుకు? కూర్చోండి." మోకాళ్ళు తగిలేలా చుట్టూ కూర్చుని తిన్నాం. లిఫ్టంతా ఆ కూర వాసనతో నిండిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అత్తగారు నా పని గురించి అడిగారు. చెబుతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని విన్నారు. తోడల్లుడు రెండో రొట్టెకి కమ్మీ వదిలేశాడు. మూడో రొట్టెకి, "ఈ క్యాంటీను ఫోనులో లేదన్నయ్యా, నేనే పెడతాను," అన్నాడు.

మేస్త్రీ వచ్చి, పైనున్న మోటారుని చేత్తో తిప్పి లిఫ్టుని ఐదో అంతస్తుకి తెచ్చి తలుపు తీశాడు. మమ్మల్నీ, శాలువానీ, గుడ్ల పెంకుల్నీ వరసగా చూశాడు. నాలుగు తిట్లు తిట్టినా నయంగా ఉండేది.

"ఇక ఇంటికి పోదాం," అన్నాను.

"పైనుంచి ఊరు చూపిస్తానన్నారుగా," అన్నారు అత్తగారు. మోకాళ్ళ నొప్పులున్నా మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కేశారు. తీరా పైకెళ్తే, చలికాలం సాయంత్రం కదా, ఊరంతా మంచు కమ్మి ఉంది. "నది అటుంటుందండీ, కొండలు ఇటుంటాయి," అని తెల్లటి మంచు వైపు చెయ్యి చూపించాను. మేస్త్రీ నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుని మిగిలిన గుడ్లు తింటూ నా ఉపన్యాసం విన్నాడు. అత్తగారు మాత్రం ఎదురింటి బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఎవరో ఆవిడకి చెయ్యి ఊపారు. ఆవిడా ఊపింది. "ఎంత స్పష్టంగా కనబడుతోందో!" అని అత్తగారు మురిసిపోయారు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి ఆ లాక్ మార్చాను. ఎవరూ చెప్పకుండానే. మా తోడల్లుడు ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ మందుతో పాటు ఈ కథ కూడా ఇస్తున్నాడట. చెప్పిన ప్రతిసారీ మేం ఒక అంతస్తు పైన ఇరుక్కుంటున్నామట.

రైలెక్కేటప్పుడు అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మళ్ళీ వస్తే మెట్లెక్కే ఓపిక ఉండదు బాబూ. నేల మీద ఉన్నదేదైనా చూపించండి."

"నేల కింద చూపిస్తానండీ!" అన్నాను. "పళ్ళ మార్కెట్టు అడుగున పాత ఐసు గదులున్నాయి. అక్కడొకాయన టీ కాస్తాడు..."

మా ఆవిడ నా కాలు తొక్కింది. రైలు కదిలింది.